బెంగాల్ కరువు 1943: పంట లెక్క మారితే సేన్ సిద్ధాంతం కూలుతుందా?

ప్రశ్న:
1943లో బెంగాల్‌లో బియ్యం సరఫరా అంతకుముందు ఐదేళ్ల సగటు కన్నా 5 శాతమే తక్కువ, 1941 కన్నా 13 శాతం ఎక్కువ అని ఆర్థికవేత్త అమర్త్య సేన్ 1981లో లెక్క తేల్చారు. కరువుకి కారణం తిండి కొరత ఒక్కటే కాదు, జనానికి తిండి కొని తెచ్చుకునే శక్తి పోవడం అన్నది ఆయన సిద్ధాంతం. కానీ 1942లో వరికి సోకిన గోధుమరంగు మచ్చ తెగులు వల్ల చిన్సురా, బంకురా పరిశోధన కేంద్రాల్లో 40 నుంచి 90 శాతం దిగుబడి పోయిందని పంట తెగుళ్ల శాస్త్రవేత్త పద్మనాభన్ 1973లో రాశారు. ఎవరి లెక్క నమ్మాలి?

జవాబు 1:
ముందు సంవత్సరాలు సరిచూసుకోండి. బెంగాల్‌లో పెద్ద పంట అమన్. చలికాలంలో కోస్తారు, తినేది మరుసటి ఏడు. కాబట్టి సేన్ చెప్పే ‘1941’లో ఉన్నది 1940 చివర కోసిన అమన్, అది బాగా దెబ్బతిన్న పంట. పద్మనాభన్ ‘1941’ ఆ ఏడు పండిన వరి, అది మంచి పంట. పేరొకటే గానీ రెండు 1941లూ వేరు. ఒకరు తక్కువదానితో పోల్చారు, ఇంకొకరు ఎక్కువదానితో. పైగా పరిశోధన కేంద్రం పొలాల్లో వచ్చిన నష్టాన్ని రాష్ట్రమంతటికీ గుణించకూడదు.

జవాబు 2:
సర్కారు అంకెలూ గట్టివేం కావు. మనవైపు రైత్వారీ ఊళ్లలో కరణం అడంగల్ (ఊరి పంటల లెక్క) రాసేవాడు. జమీందార్లు కట్టే శిస్తు శాశ్వతంగా ఖాయం చేసేసిన బెంగాల్‌లో అలాంటి ఊరి ఉద్యోగే లేడు. పంట అంచనా చాలావరకు కంటిచూపు లెక్కే. ఇళ్లలో పాత నిల్వ ఎంతుందో ఎవరూ కొలవలేదు. 5 శాతం తేడా ఆ పొరపాటులోనే కలిసిపోతుంది.

ప్రశ్న అడిగినవారు:
అయితే ధర చూస్తే తేలదా?

జవాబు 3:
తేలదు. కలకత్తాలో మణుగు బియ్యం 1942 డిసెంబరులో 13–14 రూపాయలు, 1943 ఆగస్టుకి 37. (ఇది 37 కిలోల పైచిలుకు బెంగాల్ మణుగు, 11 కిలోల మద్రాసు మణుగు కాదు.) పంట పోయినా ధర పెరుగుతుంది, యుద్ధ ఖర్చుతో డబ్బు పోటెత్తినా పెరుగుతుంది. చూడాల్సింది ఎవరు చితికిపోయారన్నది. కూలీలు, జాలర్లు, పడవవాళ్లు, వడ్లు దంచేవాళ్లు ఎక్కువగా పోయారు. గింజల్లో వాటా అందే కౌలు రైతులు కొంత నిలదొక్కుకున్నారు. జపాన్ సైన్యం చేతికి చిక్కకూడదని 1942లో పదిమందికి మించి పట్టే పడవలు బ్రిటిష్ సర్కారు లాక్కుంది కదా, జాలరి బతుకుతెరువు అక్కడే తెగింది. కొరతే ఉండదని సేన్ అనలేదు. కొరత ఒక్కటే కారణమైతే దెబ్బ ఇలా వృత్తుల వారీగా ఎందుకు పడిందో పంట లెక్క వల్ల తేలదు. అలాగని పంట నిజంగా పావువంతు తగ్గిందని తేలితే, సేన్ 13 శాతాన్ని పట్టుకుని వేలాడేవాళ్లకీ ఇబ్బందే.