కామరూపి అంటే కాముకుడా?

రూపం మార్చుకోగల నాయకుడు, మామూలు అమ్మాయి, ఇద్దరి మధ్య ఘాటైన శృంగారం. ఇంగ్లీషులో ఈ రకం నవలలు చదివి వాటి మీద అభిప్రాయాలు తెలుగులో రాసుకునేవాళ్లం కొందరం ఉన్నాం. మొన్న అలాంటి ఒక నవల గురించి రాస్తూ నాయకుణ్ణి ‘కామరూపి’ అన్నాను. చదివినవాళ్లలో ఇద్దరు "అంత కాముకుడైతే మాకొద్దు" అన్నారు. ఇంకొకరు "పుస్తకం బాగుందంటూనే హీరోని తిట్టారేంటండీ" అని అడిగారు. ఇంత చక్కటి మాటకి ఈ గతి పట్టిందేమిటా అని బాధేసింది. అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

ఈ మాటలో కామం అంటే ఇచ్ఛ. కోరింది ఇచ్చేది కామధేనువు, కోరిన రూపం ధరించగలిగేవాడు కామరూపి. ఆడవారైతే కామరూపిణి. వాల్మీకి రామాయణంలో శూర్పణఖ రాముడికి తనను పరిచయం చేసుకుంటూ ‘రాక్షసీ కామరూపిణీ’ అని చెప్పుకుంటుంది. శూర్పణఖ కాబట్టి అలా అందేమో అనుకునేవాళ్లు అదే రామాయణంలో వానరవీరులకు కూడా ఇదే విశేషణం ఉందని గుర్తుంచుకోవాలి. మేఘసందేశంలో కాళిదాసు యక్షుడు మబ్బుని కామరూపుడనే పిలుస్తాడు. మబ్బుకీ కాముకత్వానికీ సంబంధమేముంది?

నా అసలు గొడవ ‘మాయావి’ గురించి. చాలామంది షేప్‌షిఫ్టర్‌కి బదులుగా ఆ మాట రాస్తున్నారు. మాయావి అనగానే మోసగాడనే అర్థం ముందొస్తుంది. ఈ నవలల్లో కథ నిలబడేదే నాయకుడు ఆమెకు నిజం ఎప్పుడు చెప్పాడు, ఎలా చెప్పాడు అన్నదాని మీద. ముందే మోసగాడని పేరు పెట్టేస్తే ఇంక చదవడానికి ఏం మిగులుతుంది? మీరేమంటారు?

జవాబు:

కామరూపి అర్థం మీద మీతో పేచీ లేదండీ. కానీ మీరు చదివే నవలల్లో సగం తోడేళ్ల కథలే కదా. పున్నమి వెన్నెల పడగానే ఒళ్లు విరుచుకుపోయి, వద్దనుకున్నా తోడేలైపోయేవాడికి ‘ఇచ్ఛ’ ఎక్కడుంది? అతన్ని కామరూపి అంటే మాటలో ఉన్న అర్థమే చచ్చిపోతుంది. అతను శాపగ్రస్తుడు. ‘తోడేలుమనిషి’ అని తెలుగులో హాయిగా చెప్పుకోవచ్చు. ‘నరవృకం’ అని ఎవరో రాయగా చూశాను. వృకం అన్నాక మనకు వృకోదరుడు గుర్తొస్తాడు తప్ప తోడేలు గుర్తురాదు.

జవాబు:

అచ్చతెలుగులో ‘రూపుమారి’ అంటే ఎలా ఉంటుంది? రూపు మార్చేవారు అని వెంటనే తెలుస్తుంది, పలకడానికీ చిన్నగా ఉంది. ఆడా మగా తేడా కూడా ఉండదు.

జవాబు:

రూపుమారి వినడానికి బాగుంది గానీ, ఆ ‘మారి’తో ఒక చిక్కుంది. టక్కులమారి, జిత్తులమారి, మాయలమారి, వగలమారి. ఈ వరసలో ఒక్క మంచి మాటైనా ఉందా? మీరు మారడం అనే అర్థంలో వాడినా, చదివేవారి చెవికి ఆ పాత ‘మారి’యే వినపడుతుంది. మాయావిని వద్దనుకుని మాయలమారి పక్కన చేరినట్టవుతుంది.

ఇంకో మాట. అసలు పేరు కన్నా, ఈ నవలల్లో నాయకుడికి విధి కలిపిన జోడీని పిలిచే ‘మేట్’ అన్న మాటని తెలుగు చెయ్యడం కష్టంగా ఉంది నాకు. జత అంటే పశుపక్ష్యాదుల వాసన వస్తుంది, జతకట్టడం అనే మాట ఉంది కాబట్టి. తోడు అంటే పూర్తిగా మనుషుల మాట. ఈ కథల్లోనేమో అతని మృగం ఆమెని ముందు గుర్తుపడుతుంది, మనిషి తర్వాత ఒప్పుకుంటాడు. ఏది రాయాలి?

మొదట అడిగినవారి జవాబు:

రెండూ రాయండి, ఒకదాని తర్వాత ఒకటి. మృగం మనసులోంచి చెప్పే చోట ‘నా జత’ అనీ, మనిషిగా ఆమెతో మాట్లాడే చోట ‘నా తోడు’ అనీ రాస్తే ఆ మార్పు పాఠకుడికి మాటలోనే తెలిసిపోతుంది. ఇంగ్లీషులో ఒకే మాట ఉన్నందుకు మనమూ ఒకటే వాడాలని ఏముంది? ఇక విధి కలిపిన జంట అన్నచోట ‘రాసిపెట్టి ఉంది’ అనే మన మాటని మించింది లేదు.

పున్నమి తోడేలు గురించి మీరన్నది ఒప్పుకుంటున్నాను. తన చేతిలో లేని మార్పుకి కామరూపి అనకూడదు. ఇక నుంచి నేను కూడా తేడా చూపించి రాస్తాను.

మాయావి దగ్గర మాత్రం వెనక్కి తగ్గను. ఎందుకో చెప్పడానికి మన మనుచరిత్రే చాలు. 16వ శతాబ్దంలో అల్లసాని పెద్దన రాసిన ఆ కావ్యంలో ప్రవరుడు కాదని వెళ్లిపోతాడు, వరూధిని విరహంతో కుమిలిపోతుంది. అంతకుముందు ఆమె కాదన్న గంధర్వుడొకడు అదే అదను చూసుకుని ప్రవరుడి రూపంలో వస్తాడు. అతన్ని మనం మాయాప్రవరుడు అంటాం. అక్కడ ‘మాయ’ అన్న మాట అతికినట్టు సరిపోయింది. మార్కండేయ పురాణంలో ఉన్న మూలకథలో అతను కలయిక వేళ కళ్లు మూసుకోవాలని ఆమెకు షరతు కూడా పెడతాడు. ఆ షరతు చదివినప్పుడల్లా నాకు వరూధిని మీద జాలి కలుగుతుంది. తను ఎవరితో ఉందో చూసే హక్కు కూడా లేకుండా చేశాడు.

దీని పక్కన హిడింబని పెట్టి చూడండి. నన్నయ తెలుగు చేసిన ఆదిపర్వంలోనే ఉంది ఆమె కథ. అన్న చంపి తెమ్మని పంపితే భీముణ్ణి చూసి మనసు పడింది, అందమైన రూపం ధరించి ఎదుట నిలబడింది. తను ఎవరో, అన్న ఎందుకు పంపాడో మాత్రం దాచలేదు. రూపం ఇద్దరూ మార్చారు. ఆమె కామరూపిణి, అతను మాయావి.

ఈ నవలల మీద మన పాఠకులు రాసే అభిప్రాయాల్లో కోపమంతా ఇక్కడే ఉంటుంది, గమనించారా? శృంగారం ఘాటుగా ఉందని తిట్టేవాళ్లు తక్కువ. "నిజం చెప్పకుండా దగ్గరయ్యాడు, నాకు నచ్చలేదు" అనేవాళ్లే ఎక్కువగా కనిపించారు నాకు. నా అభిప్రాయమూ అదే. అతను పులిగానో తోడేలుగానో ఆమె కళ్లెదుట నిలబడి, ఆమె పారిపోకుండా చెయ్యి చాపే ఘట్టం సరిగ్గా కుదిరితే ఆ తర్వాత వచ్చే పది పేజీల సరసం ఎంత వేడిగా ఉన్నా అందంగానే ఉంటుంది. ఆ ఘట్టం ఎగ్గొట్టి నేరుగా పడకగదిలోకి తీసుకెళ్లిన నవలని ‘పచ్చిగా ఉంది’ అంటాం. వర్ణన పాళ్లు రెండింట్లోనూ ఒకటే కావచ్చు.

జవాబు:

‘పచ్చి’ గురించి మీరన్నది సరిగ్గా ఉందండీ. పండనిది పచ్చి. ప్రేమ పండకముందే రాసిన శృంగారాన్ని ఆ మాటతో తప్పుపట్టడం నాకు నచ్చింది. కానీ కామరూపిని మీ పాఠకులు మళ్లీ తప్పుగా చదివితే?

మొదట అడిగినవారి జవాబు:

మొదటిసారి వాడిన చోట ‘కోరిన రూపం ధరించగల కామరూపి’ అని రాస్తాను. రెండోసారి నుంచి ఒట్టి కామరూపి అంటే చాలు. నిన్న ఆ పాత అభిప్రాయాన్ని అలాగే దిద్దాను. ‘మాకొద్దు’ అన్న ఇద్దరిలో ఒకరు ఇప్పుడు ఆ నవల పేరు అడిగారు.