ఉద్దానం కిడ్నీ సర్వేలు: కారణం తేలని పరిశోధన దండగేనా?

కవిటి_కుర్రాడు:
మా ఉద్దానం (శ్రీకాకుళం జిల్లా) ఊళ్లో కిడ్నీ జబ్బుల సర్వే అని మళ్లీ రక్తం తీసుకెళ్లారండీ. నాకు గుర్తున్నంతలో ఇది నాలుగోసారి. ఒకరు నీళ్లలో సిలికా అంటారు, ఒకరు తోటలకి కొట్టే మందులంటారు, ఇంకొకరు ఎండలో పనిచేసి నీళ్లు తక్కువ తాగడం వల్ల అంటారు, ఇరవై ఏళ్లుగా ఇదే పాట, ఆఖరికి 'కచ్చితంగా చెప్పలేం' అని రాసి ఫైలు మూసేస్తారు. తేల్చలేనప్పుడు ఈ సూదులు ఏటికి? ఆ డబ్బుతో రెండు డయాలసిస్ మిషన్లు కొన్నా మా నాన్నకి గంటలు గంటలు కూర్చునే బాధ తప్పును.

పాత_ల్యాబ్_బాబాయ్:
కోపం న్యాయమే గానీ దండగ అనకు తమ్ముడూ. 1897 ఆగస్టులో మన సికింద్రాబాద్‌లోనే రొనాల్డ్ రాస్ అనే ఇంగ్లీషు డాక్టరు హుస్సేన్ ఖాన్ అనే మలేరియా రోగిని దోమలతో కుట్టించి (కుట్టిన దోమకి ఒక అణా చొప్పున ఇచ్చాడు!) వాటిని కోసి చూస్తే పొట్ట గోడలో నల్లటి రేణువులున్న కణాలు, అంటే దోమలో పెరుగుతున్న మలేరియా క్రిములు, కనిపించాయి. ఎన్ని దోమల్లో? రెండే రెండు. ఆ రెండింటితోనే అదే డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చేశాడు. అది ఏ జాతి దోమో కూడా ఆయనకి సరిగా తెలీదు, మచ్చల రెక్కల దోమ అనేవాడంతే.

లెక్కల_గోపి:
బాబాయ్, సగం కథే చెప్పారు. రెండు దోమలేనని రాస్ శీర్షికలోనే రాసుకున్నాడు, అది ముఖ్యం. మరుసటేడు కలకత్తాలో పక్షుల మలేరియాతో మిగతా దారంతా చూపించాడు, మనుషుల విషయం ఇటలీలో గ్రాసీ బృందం తేల్చింది. లోపం ఉంటే ఉండనీ, దాచకూడదు. క్యాంపు పెట్టి ఒక్కసారి రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ సరిగా వడకట్టకపోతే పెరిగే వ్యర్థం) చూసి 'ఇంతమందికి జబ్బు' అని ప్రకటిస్తే ఎలా? దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అనాలంటే లోపం కనీసం మూడు నెలలు కొనసాగాలి. మిట్టమధ్యాహ్నం దాకా కొబ్బరికాయలు దింపి, చెమటలు కక్కుతూ వచ్చి వరసలో నిలబడ్డ మనిషికి ఆ పూట కాస్త ఎక్కువే రావచ్చు.

స్టాఫ్‌నర్స్_అక్క:
అన్నీ కుదిరేదాకా ఆగితే జనం ఉంటారా? 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో, బంగావ్‌లో, కలరా. సెలైన్ సీసాలు అయిపోవస్తుంటే డాక్టర్ దిలీప్ మహలనాబిస్ గ్లూకోజు, ఉప్పు, వంటసోడా నీళ్లలో కలిపి తాగించారు. 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతం లోపుకి దిగాయి. పోల్చి చూడ్డానికి కంట్రోల్ గ్రూపు, అంటే ఆ నీళ్లు ఇవ్వని ఇంకో గుంపు, లేదు. ఉండాలంటే ఎవర్ని వదిలెయ్యాలి?

లెక్కల_గోపి:
ఒప్పుకుంటా అక్కా. కానీ ఆ ద్రావణాన్ని అంతకుముందే, 1968లో, ఢాకాలో పద్ధతిగా పరీక్షించి ఉన్నారు. ఆయన చీకట్లో రాయి వెయ్యలేదు.

కవిటి_కుర్రాడు:
మీ రాస్‌లూ కలరాలూ బాగానే ఉన్నాయి, మా ఇంట్లో జరిగింది వినండి. సిలికా అని ఎవరో చెప్పారని మా పిన్ని బోరు నీళ్లు మానేసి డబ్బా నీళ్లు కొంటోంది. మోకాళ్ల నొప్పికి మందుల షాపులో ఇచ్చే బిళ్లలు మాత్రం రోజుకి రెండు వేస్తూనే ఉంది. అవి కిడ్నీకి చేటని ఆవిడకి ఒక్క సర్వేవాడూ చెప్పలేదు.

స్టాఫ్‌నర్స్_అక్క:
అయ్యో, ఆ బిళ్లలు ముందు ఆపించి డాక్టరుకి చూపించు బాబూ. అది చెప్పడానికి కారణం తేలనక్కర్లేదు.

లెక్కల_గోపి:
నాన్నగారి పాత క్రియాటినిన్ రిపోర్టులు తేదీలతో ఉన్నాయా? నాలుగూ వరసగా పెట్టి చూస్తే ఎప్పట్నుంచి పెరుగుతోందో తెలుస్తుంది.

కవిటి_కుర్రాడు:
ఒక్కటే ఉందండీ, అదీ మేం డబ్బులు కట్టి చేయించుకున్నది. ఆ నాలుగు సార్లలో ఒక్కసారీ కాగితం చేతికివ్వలేదు.