జ్వరం, విరేచనాలు తగ్గినా 20 నెలల పాప అన్నం ముట్టడం లేదు

ప్రశ్న: ఖమ్మం నుంచి ఒక తల్లి

అందరికీ నమస్కారం. మా పాపకు 20 నెలలు. మూడు వారాల క్రితం జ్వరం వచ్చి, దాని వెంటనే విరేచనాలు పట్టుకుని ఆరు రోజులు బాధపడింది. ఆస్పత్రిలో చేర్చవలసిన అవసరం రాలేదు. ఓఆర్ఎస్, జింకు సిరప్పుతో తగ్గింది. తగ్గి రెండు వారాలవుతున్నా తిండి మీదికి మాత్రం ధ్యాస మళ్లడం లేదు. ఇదివరకు గిన్నెడు పప్పన్నం తానే చేయి పెట్టి తినే పిల్ల ఇప్పుడు గిన్నె కనబడగానే మూతి బిగించి తల తిప్పేసుకుంటోంది. బలవంతాన ఒక ముద్ద పెడితే బుగ్గన దాచుకుని, పావుగంట తర్వాత ఉమ్మేస్తోంది. బరువు 9.8 కిలోల నుంచి 9.1కి పడిపోయింది.

ఖాళీ కడుపుతో పడుకోబెట్టలేక రోజుకు నాలుగైదు సీసాల ఆవుపాలు పడుతున్నాను. అందులో ఒకటి రాత్రి నిద్రలోనే తాగుతుంది. మా అత్తయ్యగారు దిష్టి తీశారు, వాము నీళ్లు పట్టారు. ఆకలి పుట్టించే సిరప్పు మందుల దుకాణంలో దొరుకుతుందని, దానితో తమ బాబు బాగా తిన్నాడని తెలిసినవారొకరు చెబుతున్నారు. వాడవచ్చా? ఫోనులో బొమ్మలు చూపిస్తే నాలుగు ముద్దలు మింగుతోంది, ఫోను తీసేస్తే అంతే. స్నానం చేయించేటప్పుడు పక్కటెముకలు కనబడుతుంటే కన్నీళ్లు ఆగడం లేదు. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

జవాబు: కాకినాడ నుంచి, ఇద్దరు పిల్లల తల్లి

మీ బాధ నాకు తెలుసండి, మా చిన్నవాడితో ఇదే పడ్డాను. మీరు రాసినదాంట్లో నాకు మొదట కనబడింది పాలు. ఒక్కో సీసా పావు లీటరుకు కాస్త తక్కువ అనుకున్నా, రోజుకు దాదాపు లీటరు పాలు లోపలికి వెళుతున్నాయి. లీటరు ఆవుపాలలో 600కు పైగా కేలరీలు ఉంటాయి. ఈ వయసు పిల్లకు రోజు మొత్తానికి కావలసినవే 800, 900 కేలరీలు. అంటే పాప ఆకలి చాలావరకు సీసాలోనే తీరిపోతోంది, ఇక గిన్నె వైపు ఎందుకు చూస్తుంది? పైగా పాలలో ఇనుము చాలా తక్కువ. పాలతోనే కడుపు నింపుకునే పిల్లలకు రక్తం తగ్గుతుందని, రక్తం తగ్గితే ఆకలి ఇంకా మందగిస్తుందని మా డాక్టరుగారు అన్నారు.

నేను ముందుగా రాత్రి సీసా మాన్పించాను. మూడు రాత్రులు ఏడ్చాడు, భుజాన వేసుకుని తిప్పి నీళ్లు పట్టించాను, నాలుగో రాత్రి పడుకున్నాడు. తర్వాత పగటి పాలను గ్లాసులోకి మార్చి, అన్నానికి ముందు కాకుండా తర్వాత ఇస్తూ, రోజుకు 400 మిల్లీలీటర్ల దగ్గర ఆపాను. వారం తిరిగేసరికి ఉదయం తానే వంటగదిలోకి వచ్చి ఇడ్లీ అడిగాడు.

జవాబు: పిల్లల వార్డులో చాలా ఏళ్లు పనిచేసిన నర్సు

అమ్మా, జబ్బు చేసినప్పుడు ఆకలి పోవడం శరీరం చేసే పనే. రోగంతో పోరాడేటప్పుడు రక్తంలో పుట్టే కొన్ని పదార్థాలు మెదడుకు తిండి వద్దని సంకేతం ఇస్తాయి. విరేచనాల వల్ల దెబ్బతిన్న పేగు లోపలి పొర మానడానికీ కొన్ని రోజులు పడుతుంది. ఆ తర్వాత ఆకలి సాధారణంగా దానంతట అదే తిరిగి వస్తుంది. అది వచ్చే సమయంలో మనం బలవంతం చేస్తే, పిల్లకు తిండి అంటేనే భయం పట్టుకుంటుంది. ఏడుస్తున్న పిల్ల నోట్లో కుక్కిన ముద్ద శ్వాసనాళంలోకి జారే ప్రమాదం కూడా ఉంది, దయచేసి అలా పెట్టకండి.

ఆ సిరప్పు సంగతి గట్టిగా చెబుతాను. ఆకలి మందుగా దుకాణాల్లో ఎక్కువగా ఇచ్చేది సైప్రోహెప్టడిన్. అది అసలు అలర్జీ మందు, మగతను కలిగిస్తుంది, రెండేళ్లు నిండని పిల్లలకు ఇవ్వకూడదు. మీ పాపకు 20 నెలలే. ఎదుటివారి బాబు తిన్నాడని మన పాపకు పట్టకూడదు.

జింకు ఎన్ని రోజులు ఇచ్చారో రాయలేదు. ఆరు నెలలు దాటిన పిల్లలకు విరేచనాలు ఆగిపోయినా రోజుకు 20 మిల్లీగ్రాముల చొప్పున మొత్తం 14 రోజులు ఇవ్వాలి. చాలామంది తల్లులు విరేచనం ఆగగానే సీసా పక్కన పెట్టేస్తారు. మీరూ మధ్యలో ఆపి ఉంటే ఇప్పుడేం చేయాలో డాక్టరును అడగండి. పోయిన బరువు తిరిగి రావాలంటే, తగ్గాక కనీసం రెండు వారాలు, వీలైతే పాత బరువు అందుకునేదాకా, రోజూ మామూలు కంటే ఒక పూట ఎక్కువ పెట్టాలి.

బరువు తగ్గింది కాబట్టి ఒకసారి పిల్లల డాక్టరుకు చూపించడం ఎలాగూ మంచిది. నోట్లో పుండ్లు, తెల్లటి పూత ఉన్నాయేమో వెలుతురులో చూడండి, అవి ఉంటే పిల్ల మింగలేక ముద్ద దాచుకుంటుంది. జ్వరం తిరగబెట్టినా, మలంలో రక్తం కనబడినా, మూత్రం తగ్గినా, రెండు పాదాలూ వాచినా ఆ రోజే తీసుకువెళ్లండి. అంగన్‌వాడీలో టేపుతో జబ్బ చుట్టుకొలత చూస్తారు, అది 12.5 సెంటీమీటర్ల కంటే తక్కువ ఉంటే ఆలస్యం చేయవద్దు, 11.5 కంటే తక్కువైతే తీవ్ర పోషకాహార లోపం కిందే లెక్క.

జవాబు: గుంటూరు జిల్లా నుంచి, విశ్రాంత అంగన్‌వాడీ టీచరు

నర్సమ్మగారు చెప్పిన ఆ అదనపు పూటలో ఏం పెట్టాలో నేను చెబుతాను తల్లీ. ఇప్పుడు పిల్ల నాలుగు చెంచాలకు మించి తినదు, కాబట్టి ఆ నాలుగు చెంచాల్లోనే బలం ఉండాలి. పలుచటి చారన్నం, గంజి, సగ్గుబియ్యం నీళ్లు కడుపు నింపుతాయి గానీ ఒంటికి పట్టవు. మెత్తటి పెసరపప్పు అన్నంలో చెంచాడు నెయ్యి, ఉడికించిన గుడ్డు, గడ్డ పెరుగులో మెదిపిన అరటిపండు, వేరుశనగ పొడి చల్లిన ఇడ్లీ, ఇలా రెండు మూడు గంటలకొకసారి కొద్దికొద్దిగా పెట్టండి. వేరుశనగ పప్పులు మాత్రం గింజలుగా చేతికి ఇవ్వకండి, గొంతులో అడ్డుపడతాయి.

మా కేంద్రంలో తల్లులకు నేను తప్పకుండా నేర్పినది మొలకల పిండి. రాగులు రాత్రంతా నానబెట్టి, తడి గుడ్డలో మూటకట్టి, మొలకలు వచ్చాక ఎండబెట్టి, చాలా కొద్దిగా వేయించి పొడి చేసుకోవాలి. మాడేలా వేయిస్తే దాని గుణం పోతుంది. చిక్కగా ఉడికించిన రాగి జావను దించి, కాస్త వేడి తగ్గాక ఈ పిండి ఒక చెంచా కలిపితే, చూస్తుండగానే జావ జారుగా అవుతుంది. మొలకలో పుట్టే ఎంజైము పిండిపదార్థాన్ని విడగొట్టడమే అందుకు కారణం. మళ్లీ ఒక్క పొంగు రానిచ్చి చల్లార్చి పెట్టండి. నీళ్లు కలిపి పలుచన చేసిన జావకు, దీనికి పోలికే లేదు. చిక్కటి జావలోని బలమంతా పిల్ల సులువుగా మింగుతుంది. మీ తెలంగాణలో మూడేళ్ల లోపు పిల్లలకు అంగన్‌వాడీలో నెలకు 2.5 కిలోల బాలామృతం ఇస్తారు, అదీ తెచ్చుకోండి.

ఫోను పక్కన పెట్టి, మీరు తినేటప్పుడు పిల్లను పక్కన కూర్చోబెట్టుకోండి. విడిగా చిన్న పళ్లెంలో రెండు ముద్దలు వేసి, తిన్నా తినకపోయినా 20 నిమిషాలకు తీసేయండి. అత్తయ్యగారు దిష్టి తీస్తే తీయనివ్వండి, అందులో నష్టమేమీ లేదు. ఆవిడ చేతనే జావ పట్టించండి.

అడిగిన తల్లి, 12 రోజుల తర్వాత

అందరికీ ఎంతో రుణపడి ఉన్నాను. నర్సుగారు ఊహించినట్టే జింకు ఆరో రోజున ఆపేశాను, సీసా సగం అలాగే ఉంది. డాక్టరుగారు నోరు, పొట్ట చూసి భయం లేదన్నారు. రక్త పరీక్షలో హిమోగ్లోబిన్ తక్కువని తేలడంతో ఐరన్ చుక్కలు రాశారు. జబ్బ కొలత 13.2 వచ్చింది. రాత్రి సీసా మానడానికి మాకు ఐదు రాత్రులు పట్టింది. పాలు ఇప్పుడు రెండు చిన్న గ్లాసులే. మొదటి నాలుగు రోజులు అన్నం కూడా తినకపోవడంతో తప్పు చేస్తున్నానేమోనని చాలా భయపడ్డాను, కానీ మళ్లీ సీసా తీయలేదు. మొన్న మధ్యాహ్నం మామయ్యగారి పక్కన కూర్చుని, ఆయన కంచంలోని పెరుగన్నంలో తానే చేయి పెట్టింది. ఈ ఉదయం తూస్తే 9.35 ఉంది. అత్తయ్యగారు రాగులు మూటకట్టి రెండో విడత పిండికి సిద్ధం చేస్తున్నారు.