ఏజెన్సీలో గ్రామసభకి ఉన్న మాట మన లంకల్లో పంచాయతీకి ఎందుకు లేదు?

లంక మావయ్య:
మాది గోదారి గౌతమి పాయ మధ్యలో చిన్న లంకండి, ఏటి నడుమ దీవి లాంటిది. అవతల ఒడ్డున ఇసుక తవ్వుకునే ర్యాంపు ఇచ్చారన్న సంగతి మా సర్పంచ్‌కి కూడా టిప్పర్లు వచ్చాకే తెలిసింది. మొన్న పడవ దిగి చూస్తే మా అరటి చేను అంచున బారెడు పొడుగు బీట, గట్టు మీదున్న రెండు కొబ్బరిచెట్లు వేళ్లన్నీ బయటపడి ఏటివైపు వాలిపోయున్నాయి, మూడో చెట్టు తెల్లారేసరికి లేదు. అదే పైన పాపికొండల వైపు ఏజెన్సీలో అయితే 1996 పెసా చట్టం, అదే గిరిజన ప్రాంతాల పంచాయతీల చట్టం ప్రకారం, గ్రామసభో తగిన స్థాయి పంచాయతీయో సిఫార్సు చేయకుండా ఇసుక లీజు ఇవ్వకూడదంట. గోదారి ఒకటే ఇసుక ఒకటే, మరి మాకెందుకు లేదు?

పాత అడంగల్:
లేదంటే లేదు బాబూ. పెసా రాజ్యాంగం అయిదో షెడ్యూలు కిందకొచ్చే గిరిజన ప్రాంతాలకే. మన డెల్టా మామూలు పంచాయతీరాజ్ చట్టం కిందకొస్తుంది. రాజ్యాంగం 73వ సవరణలో పంచాయతీలకి అప్పగించొచ్చని రాసిన 29 అంశాలు చూడు, చిన్న నీటిపారుదల ఉంది, చేపల పెంపకం ఉంది, ఇసుక లేదు. ఏటి పోరంబోకు సర్కారుది, దాని మీద 1884 నాటి మద్రాసు నదుల పరిరక్షణ చట్టం ఇంకా బతికే ఉంది. నేను సర్వీసులో ఉన్నన్నాళ్లూ ఇదే చెప్పా, ఇదే తిట్లు తిన్నా.

కొండ కుర్రోడు:
అన్నా, మాకుందని మరీ అనుకోకండి. చట్టంలో రెండు వేర్వేరు మాటలున్నాయి. ఇసుక లాంటి చిన్న ఖనిజాల లీజుకి సిఫార్సు తప్పనిసరి. భూసేకరణ అయితే "సంప్రదించాలి" అంతే, సంప్రదించి మీరు వద్దన్నా తీసుకోవచ్చు. ఇక ఆ తప్పనిసరి కూడా ఎలా జరిగిందో చెప్తా వినండి, మా ఊళ్లో సభే పెట్టలేదు, తీర్మానం పుస్తకం సాయంత్రం ఇంటింటికీ తిరిగింది, మా పెద్దమ్మ రేషన్ కోసమనుకుని వేలిముద్ర వేసింది. ర్యాంపు గిరిజన సొసైటీ పేరు మీదే, పొక్లెయినూ లారీలూ ఎవరివో, మావాళ్లకి దక్కేది కూలి. కాకపోతే తర్వాతేడు మా కుర్రాళ్లు 2011 పెసా రూల్స్ ప్రింట్ తీసుకొచ్చి సభలో కూర్చుని ఒక్కో లైను చదివించారు, చీకటి పడ్డా లేవలేదు, ఆ ఏడు ఫైలు కదల్లేదు. మీకు చదివించడానికి ఆ కాగితం కూడా లేదు కదా.

ఎదురొడ్డు:
మాది లంక మావయ్యగారికి ఎదురొడ్డే. నిజం మాట్లాడుకుందాం, ఆ ర్యాంపు మా పంచాయతీ హద్దులో ఉంది. రేపు పంచాయతీకే అధికారం ఇచ్చారనుకోండి, మావాళ్లు చేతులెత్తి సరే అంటారు, లోడింగ్ పని మా కుర్రాళ్లదే కదా. కోత పడేది మీకు. అప్పుడు ఎవరి గ్రామసభ మాట చెల్లాలి? పైగా 2024లో ఉచిత ఇసుక అన్నాక కూడా కిరాయిలకే తడిసి మోపెడవుతోంది, నేను స్లాబు ఆపుకుని కూర్చున్నా, అసలు తవ్వొద్దంటే నా ఓటు మీకు పడదు.

లంక మావయ్య:
తవ్వొద్దనట్లేదండి బాబూ, నా ఇల్లూ ఇసుకతోనే కట్టా. మీ ప్రశ్నకి మాత్రం రాత్రంతా ఆలోచించా. ర్యాంపు ఏ హద్దులో ఉందని కాదు, ఎగువా దిగువా కోత పడే ఊళ్లన్నిటినీ కూర్చోబెట్టి అడగాలి. 2022 జులై వరదకి భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటినప్పుడు మా అందరి ఇళ్లలోకీ నీళ్లొచ్చాయి, ఏ ఊరి హద్దు రాయీ ఆపలేదుగా.

కొండ కుర్రోడు:
ఆ రూలు మాకూ లేదన్నా. పై ఊరు సరే అంటే కింద ఊరు చూస్తూ ఉండాల్సిందే.

పాత అడంగల్:
చట్టం మారేదాకా చేను ఆగదు కాబట్టి పని మాట చెప్తా. పర్యావరణ అనుమతి కాగితంలో ఎంత లోతు తవ్వాలో, ఒడ్డుకి ఎంత దూరం వదలాలో రాసుంటుంది. సమాచార హక్కు కింద దాని నకలు అడుగు. ఈలోగా సర్వేయర్ని తీసుకెళ్లి మిగిలిన చేను కొలిపించు. 2023లో లంక పట్టాలు ఇచ్చారని సంబరపడ్డాం గానీ, పట్టా బీరువాలో ఉండి భూమి ఏట్లో ఉంటే ఏ ఆఫీసులోనూ ఎవరూ పట్టించుకోరు.

లంక మావయ్య:
సోమవారం వెళ్లి అర్జీ పెడతానండి. అంచునున్న గెలలు మాత్రం లేతగా ఉన్నా కొట్టేస్తున్నాం, వరద ఎర్రనీరు వచ్చేలోపు.

ఎదురొడ్డు:
పడవ కావాలంటే చెప్పండి, మాది ఖాళీగానే ఉంది.