వయోజన విద్య పాఠాలు వాలంటీర్లందరం కలిసి తయారు చేసుకోవాలి, ఎలా నడపాలో చెప్పండి

పొదిలి వాలంటీర్:
అందరికీ నమస్కారం. మాది ఆంధ్రప్రదేశ్‌లో పొదిలి దగ్గర పల్లె. ఉల్లాస్ (చదువురాని పెద్దవాళ్ల కోసం కేంద్రం పెట్టిన పథకం) కింద రాత్రిపూట చదువు చెప్తున్నాం. వచ్చేవాళ్లంతా డ్వాక్రా సంఘాల ఆడవాళ్లు, ముప్ఫై అయిదు నుంచి అరవై ఏళ్ల దాకా ఉంటారు. చెప్పేవాళ్లం పన్నెండు మందిమి: డిగ్రీ పిల్లలు, ఇంటర్ చదివి ఈ ఊరికి కోడళ్లుగా వచ్చినవాళ్లు, ఇద్దరు సంఘం లీడర్లు. వచ్చే ఆదివారం అందరం కూర్చుని నెలకు సరిపడా పాఠాలు తయారు చేసుకుందామని అనుకున్నాం. ఇంతకుముందు వెళ్లిన ట్రైనింగ్‌లో పొద్దుగూకేదాకా ఉపన్యాసాలే, మమ్మల్ని ఎవరూ నోరు తెరవనివ్వలేదు. ఇంటికొచ్చి మళ్లీ అ ఆలే దిద్దిస్తున్నాం. వారం తిరక్కముందే సగం మంది మానేస్తున్నారు. ఆదివారం ఎలా నడపాలో తెలియక టెన్షన్‌గా ఉంది.

రిటైర్డ్ టీచర్, నెల్లూరు:
అమ్మా, ముందు ఒక పని చేయండి. చదువుకునే అక్కల్లో ముగ్గుర్ని ఆదివారానికి పిలవండి. వాళ్లు లేకుండా రాసుకున్న పాఠం రాసినవాళ్ల తృప్తికే పనికొస్తుంది.

కుర్చీలు వద్దు, చాపలు పరిచి గుండ్రంగా కూర్చోండి. ఇంట్లో ఉన్న కాగితాలు తెమ్మని అందరికీ ముందే చెప్పండి: సంఘం పాస్‌బుక్కు, రేషన్ కార్డు, కరెంటు బిల్లు, మాత్రల అట్ట, ఖాళీ ఎరువు సంచి. అన్నీ మధ్యలో పెట్టి, 'వీటిలో ఏది చదవలేక ఇబ్బంది పడ్డారు?' అని ఆ ముగ్గుర్నీ అడగండి. ఆ తర్వాత అరగంట వాలంటీర్లు వినాలి, అంతే. డిగ్రీ పిల్లలు మధ్యలో అందుకోబోతారు, మీరే ఆపాలి. అక్కలు అన్న మాటలు అన్నట్టే చార్టు మీద రాయించండి.

అందులోంచి మొదటి పాఠానికి ఒక్క మాట ఏరుకోండి. ఒత్తులు ఉండకూడదు, అక్షరాలు తక్కువ ఉండాలి. నన్నడిగితే 'పొదుపు' తీసుకుంటాను. పొ, దు, పు అని విడదీసి, ప గుణింతం, ద గుణింతం పక్కపక్కన రాయండి. వీటితో ఇంకేం మాటలు వస్తాయో అక్కల్నే వెతకనివ్వండి. పది, పాదు, పాప, దాదాపు... ఇన్ని మాటలు మొదటి రాత్రే సొంతంగా చదివినావిడ మర్నాడు తప్పకుండా వస్తుంది. అప్పు, వడ్డీ కూడా ముఖ్యమే గానీ ఒత్తులున్నాయి, కొన్నాళ్లు ఆగండి. బ్రెజిల్‌లో పాలో ఫ్రెయిరీ అనే విద్యావేత్త 1963లో అంజికోస్ అనే ఊళ్లో కూలీలకు చదువు చెప్పింది ఈ దారిలోనే. వాళ్ల నోట్లో నానే మాట తీసుకుని, దాని మీద మాట్లాడించి, ఆ తర్వాత అక్షరాల్లోకి వెళ్లేవారు.

ఆ మాట్లాడించడం మాత్రం వదలొద్దు. 1991లో మా జిల్లా అక్షరాస్యత ఉద్యమంలో నేను పనిచేశాను. సారా గురించిన పాఠం వచ్చిన రాత్రి ఆడవాళ్లు పలకలు పక్కన పెట్టి తమ ఇళ్ల సంగతులు చెప్పుకున్నారు. మా జిల్లాలోనే దూబగుంట అనే ఊళ్లో ఆ మాటలే సారా దుకాణం మూయించేదాకా వెళ్లాయి. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. అందుకే పాఠం రాసేటప్పుడే, ఎక్కడ ఆపి ఏం అడగాలో కూడా రాసుకోండి.

మధ్యాహ్నం నలుగురేసి మూడు జట్లు చేయండి. జట్టుకు ఒక్క పాఠం. నెలకు సరిపడా అన్నారు, ఇప్పుడే అంత వద్దు. రాసింది చదివి వినిపించి ఊరుకోకుండా, ఆ ముగ్గురికీ ఇరవై నిమిషాలు నిజంగానే పాఠం చెప్పాలి. ఎక్కడ అర్థం కాలేదో, ఎక్కడ విసుగొచ్చిందో ముందు అక్కలు చెప్పాలి. అది విని జట్టు తిరగరాయాలి. రోజు మొత్తంలో ఎక్కువ టైం దీనికే ఉంచండి.

సంఘం లెక్కలు రాసేదాన్ని, సిద్దిపేట:
అక్కా, మాస్టారు గారు లెక్కల సంగతి చెప్పలేదు. మా సంఘంలో ఒక పెద్దమ్మకు అంకెలు రాయడం రాదు. కానీ నూటికి రూపాయి వడ్డీ మీద పదివేలు తెస్తే నెలకు వంద అని ఠక్కున చెప్తుంది. అలాంటామెతో ఒకటి నుంచి వంద దాకా దిద్దిస్తే చిన్నతనంగా అనిపిస్తుంది. ఆమె నోటితో చేసిన లెక్కనే పలక మీద రాసి చూపించండి.

ఇంకోటి, అందరికీ కళ్లు చూపించారా? నలభై దాటితే చత్వారం వస్తుంది, దగ్గరి అక్షరం అలుక్కుపోయినట్టు కనిపిస్తుంది. 'నా బుర్రకెక్కదు బిడ్డా' అని మానేసినామె అద్దాలు పెట్టుకున్నాక మళ్లీ వచ్చి కూర్చుంది.

పొదిలి వాలంటీర్:
చత్వారం సంగతి మాకు తట్టనే లేదు చెల్లీ, రేపే ఏఎన్ఎం గారిని అడుగుతాను. మాస్టారూ, చివర్లో ఉల్లాస్ పరీక్ష ఉంది కదా. చదవడం, రాయడం, లెక్కలు, ఒక్కోదానికి 50 మార్కులు. మన మాటలతో వెళ్తే వాచకం వెనకబడదా?

రిటైర్డ్ టీచర్, నెల్లూరు:
వెనకబడదమ్మా. ప్రతి జట్టూ తన పాఠంలోని అక్షరాలు వాచకంలో ఏ పేజీలో వస్తాయో పక్కన రాసుకోవాలి. మన పాఠం అయ్యాక అదే రాత్రి ఆ పేజీ తీసి చదివించండి. ఆ అక్షరాలు అప్పటికే తెలిసి ఉంటాయి కాబట్టి భయం ఉండదు. ఒకటి మర్చిపోయాను. ఆదివారం వస్తే ఆ ముగ్గురికీ ఒక రోజు కూలి పోతుంది. ఆ డబ్బు, మధ్యాహ్నం భోజనం సంగతి శనివారం లోపే సంఘంలో మాట్లాడి పెట్టుకోండి.