కాంటిలీవర్ బ్రేకులు: కీచుమనే అరుపు, ముందు ఫోర్కు అదురు

పాతసైకిలు:
నా పాత టూరింగ్ సైకిలుకు రెండు చక్రాలకూ కాంటిలీవర్ బ్రేకులే (చక్రానికి రెండు వైపులా ఇరుసుల మీద తిరిగే చేతులు రబ్బర్లను రిమ్ముకు నొక్కే రకం) ఉన్నాయి. కొత్త బ్రేకు రబ్బర్లు వేయించినప్పటి నుంచి ముందు బ్రేకు పట్టిన ప్రతిసారీ కీచుమని అరవడమే కాక, ఫోర్కు మొత్తం ముందుకూ వెనక్కూ అదురుతోంది. మా వీధి మరమ్మతు దుకాణంలో ఎక్కువగా చూసేది కడ్డీ బ్రేకులే కాబట్టి, వారు అడ్డు కేబులును (రెండు చేతులనూ కలిపే చిన్న కేబులు) పొడవు చేసి, యోక్‌ను (దాన్ని ప్రధాన కేబులుకు తగిలించే ముక్క) బాగా పైకి లాగి బిగించి పంపారు. లీవరు ఇప్పుడు రాయిలా గట్టిగా ఉంది గానీ సైకిలు మాత్రం ఆగడం లేదు.

గ్రీజుచేతులు:
మొదట కేబులును వదిలివేసి, బ్రేకు చేతులు రెండింటినీ ఊడదీసి, అవి తిరిగే ఇరుసులను తుడిచి పలుచగా గ్రీజు రాయండి. ఆ ఇరుసుల మొదట్లో స్ప్రింగు కొన దూరడానికి సాధారణంగా మూడు రంధ్రాలు ఉంటాయి. రెండు వైపులా ఒకే రంధ్రం, మామూలుగా మధ్యది, వాడాలి. ఇరుసు రిమ్ముకు దిగువన ఉండటం వల్ల రబ్బరు అరిగేకొద్దీ చేయి లోపలికీ కిందికీ వాలుతుంది, చివరికి రబ్బరు రిమ్ము కిందికి జారి చువ్వల వైపు వెళ్లిపోతుంది. అందుకే టైరుకు తగలనంత వరకు రబ్బరును పైకే పెట్టుకోవడం మేలు. ముందు కొన రిమ్మును మొదట తాకి, వెనుక కొన సుమారు 1 మి.మీ. ఎడంగా ఉండాలి; వెనుక కొన కింద మడిచిన అట్టముక్క పెట్టి బిగిస్తే అది కుదురుతుంది. పానా తిప్పుతుంటే రబ్బరు కూడా తిరిగిపోతుంది కనుక రెండో చేత్తో అలెన్ కీతో పట్టి ఉంచాలి. మొదటిసారి నాకు మూడో చేయి ఉంటే బాగుండుననిపించింది.

ఘాట్‌రోడ్డు:
పాతసైకిలు గారూ, లీవరు గట్టిగా ఉంటే బ్రేకు బలంగా ఉన్నట్టు అనిపిస్తుంది, కానీ కాంటిలీవర్‌లో వాస్తవం దాదాపు తిరగబడి ఉంటుంది. యోక్ పైకి వెళ్లేకొద్దీ రబ్బర్లు త్వరగా కదులుతాయి గానీ రిమ్మును నొక్కే బలం తగ్గుతుంది. కిందికి దించేకొద్దీ బలం పెరిగి, లీవరు కాస్త మెత్తబడి, ఎక్కువ దూరం నడుస్తుంది. లీవరు హ్యాండిల్‌కు ఆనకుండా ఎంత కిందికి దించగలిగితే అంత దించండి. అయితే అదురు సంగతి వేరు. మీ కేబులు హ్యాంగరు (కేబులు తొడుగు కొన ఆనే పట్టీ) హెడ్‌సెట్ (హ్యాండిల్ కింద ఫోర్కు తిరిగే బేరింగులు) దగ్గర ఉందా? అలా ఉంటే, బ్రేకు పట్టినప్పుడు ఫోర్కు వెనక్కి వంగి, హ్యాంగరుకూ బ్రేకుకూ మధ్య దూరం పెరిగి, కేబులు తనంతట తానే మరింత బిగుస్తుంది. పట్టు జారగానే ఫోర్కు తిరిగి ముందుకు వస్తుంది, మళ్లీ అదే వరస. దీనికి నాకు పనిచేసిన మందు ఫోర్కు క్రౌన్ (చక్రానికి పైన ఫోర్కు రెండు కాళ్లూ కలిసే చోటు) మీద బిగించే చిన్న హ్యాంగరు ఒక్కటే.

దూరప్రయాణం:
వీ బ్రేకులకు (చేతులు పొడవుగా ఉండి, కేబులు పక్క నుంచి లాగే రకం) మారమని చాలామంది సలహా ఇస్తారు. షిమానో వాటిని 1996 ప్రాంతంలో తెచ్చాక మౌంటెన్ బైకుల్లో కాంటిలీవర్ దాదాపు కనుమరుగైన మాట నిజమే, కానీ వాటి లీవరు సుమారు రెండింతల కేబులును లాగుతుంది కాబట్టి లీవర్లు కూడా మార్చవలసి వస్తుంది. మీది వంపు హ్యాండిల్ అయితే నా మట్టుకు ఆ ఖర్చు దండగ. ఇంకొక మాట: ముందు చక్రం మీద మడ్‌గార్డు గానీ రిఫ్లెక్టరు పట్టీ గానీ ఉందో లేదో చూసుకోండి. ప్రధాన కేబులు తెగితే అడ్డు కేబులు టైరు మీద పడి, గుబ్బల టైరైతే పట్టుకుని చక్రాన్ని ఒక్కసారిగా బిగబట్టేస్తుంది. దాన్ని మధ్యలో ఆపేది ఆ పట్టీయే.

పాతసైకిలు:
అందరికీ ధన్యవాదాలు. యోక్‌ను దాదాపు మూడు వేళ్ల మందం దించాను. క్రౌన్ హ్యాంగరు వేశాక అదురు పూర్తిగా పోయింది. రిమ్ము తడిసినప్పుడు అరుపు ఇంకా కొద్దిగా వస్తోంది. అందం కోసం నిరుడు విప్పి పెట్టెలో పడేసిన రిఫ్లెక్టరు పట్టీని వెతికి మళ్లీ బిగించాను.