ఫోమ్ మార్పించిన స్పీకర్లకి ధర తగ్గాలా, పెరగాలా?

చెక్కపెట్టె:
నా దగ్గరున్న పాత సీల్డ్ బాక్స్ (గాలి బయటికి పోకుండా మూసేసిన పెట్టె) స్పీకర్ల జత ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టాను. బ్రాండ్ చెప్పను, చెబితే చర్చంతా దాని మీదకే పోతుంది. బాస్ పలికే వూఫర్ల చుట్టూ ఉండే ఫోమ్ రింగులు పొడిగా రాలిపోతుంటే మార్పించాను, ఆ సంగతి యాడ్‌లో మొదటి లైన్‌లోనే రాశాను. ఫోన్ చేసినవాళ్ళందరిదీ ఒకటే పాట, "ఒకసారి విప్పిన సరుకు కదండీ, తగ్గించుకోండి" అని. సరే, బేరమాడటం వాళ్ళ హక్కు. కానీ అదే మోడల్ ఇంకొకాయన కూడా పెట్టారు, ముందున్న గ్రిల్ తీయకుండా ఫోటోలు తీసి, "ఎవరూ చెయ్యి పెట్టలేదు, కంపెనీ నుంచి వచ్చింది వచ్చినట్టే ఉంది" అని రాసి, నాకంటే బాగా ఎక్కువ అడుగుతున్నారు, జనం దానికే ఎగబడుతున్నారు. ఆ వయసు ఫోమ్ బాగుండే అవకాశం దాదాపు లేదు. పాలీయురేథేన్ ఫోమ్ వాడినా వాడకపోయినా గాల్లో తేమకే పాడవుతుంది, 15, 20 ఏళ్ళు దాటి నిలిస్తే అదృష్టమే. అంటే కుళ్ళిపోయినదానికి ఎక్కువ, బాగుచేయించినదానికి తక్కువ. ఇదేం లెక్క? ఇలాగైతే చెప్పకుండా అమ్మేవాడే తెలివైనవాడన్నమాట. మీరేమంటారు?

పాతమోత:
ఆ ఎక్కువ ఇచ్చే బాపతు మనిషిని నేనే, కాబట్టి నా వైపు నుంచి చెప్తాను. చెయ్యి పడని స్పీకర్లో ఏం పాడైందో నాకు ముందే తెలుసు, ఫోమ్ పోయి ఉంటుంది, కెపాసిటర్లు ముసలివై ఉంటాయి, అంతే. దాన్ని నాకు నమ్మకమున్న మనిషితో చేయించుకుంటాను. బాగుచేసిన స్పీకర్లో ఏం పాడైందో మాత్రం నాకు తెలీదు. ఎవరు చేశారో తెలీదు, ఎలాంటి ఫోమ్ వేశారో తెలీదు, పాత జిగురు శుభ్రంగా గీకి తీశారా లేక దాని మీదే కొత్తది పూశారా అన్నదీ తెలీదు. రింగు సైజు కొంచెం తేడా ఉన్నా, బిరుసు ఎక్కువైనా కోన్ (ముందు ఊగే గరాటు) కదలిక మారిపోతుంది. కోన్‌ని ఊపే తీగచుట్ట, అదే వాయిస్ కాయిల్, వెంట్రుకవాసి పక్కకి ఒరిగి అతుక్కుందంటే మామూలు వాల్యూమ్‌లో ఏమీ వినపడదు, బాస్ పెంచిన రోజు బరబరా గీసుకుంటుంది. చెక్కపెట్టె గారు, మీరు నిజం చెప్పినందుకు ధర తగ్గట్లేదు. సగమే చెప్పినందుకు తగ్గుతోంది. "ఫోమ్ మార్పించాను" అని చదవగానే నా బుర్రలో ఇరవై ప్రశ్నలు లేస్తాయి, వాటిలో ఒక్కదానికీ మీ యాడ్‌లో జవాబు లేదు, అప్పుడు నేను చెడ్డదే ఊహించుకుని దానికి తగ్గ ధర చెప్తాను. మీరైనా అంతే చేస్తారు.

టంకం:
రిపేర్లు చేసే చేతులు నావి, కాబట్టి కాస్త పక్షపాతం ఉంటుంది, ముందే చెప్తున్నా. ఇక్కడ మూడు వేరు వేరు పనుల్ని కలిపేస్తున్నారు. ఫోమ్ మార్చడం ఒకటి. రీకోన్ చేయడం అంటే కోన్, వాయిస్ కాయిల్, వెనక దాన్ని పట్టి ఉంచే స్పైడర్ అన్నీ కొత్తవి వేయడం, అది రెండోది, దాని తర్వాత అది దాదాపు వేరే వూఫర్. మూడోది క్రాసోవర్‌లో, అంటే బాస్‌నీ సన్నటి శబ్దాలనీ విడదీసి పంపే సర్క్యూట్‌లో, కెపాసిటర్లు మార్చడం. మొదటిది మామూలు మరమ్మతు, టైర్లు మార్చిన కారుకి ధర తగ్గించమని ఎవడూ అడగడు. పైగా ఆయనవి సీల్డ్ బాక్సులు. 1954లో ఎడ్గర్ విల్చుర్ ఏఆర్-1 అనే స్పీకర్‌తో మొదలుపెట్టిన పద్ధతి అది, లోపల బంధించిన గాలే స్ప్రింగులా కోన్‌ని వెనక్కి నెడుతుంది, ఫోమ్ వాటా అందులో తక్కువ. కాబట్టి కొత్త రింగు కొంచెం బిరుసుగా ఉన్నా పాతమోత గారు భయపడుతున్నంత తేడా సీల్డ్ బాక్సులో రాదు.

కాయిల్ ఒరిగిపోవడం మాత్రం నిజమైన భయమే, ఒప్పుకుంటాను. దానికి రెండు పద్ధతులున్నాయి. మధ్యలో ఉండే డస్ట్ క్యాప్ కోసి, కాయిల్ చుట్టూ సన్నటి ప్లాస్టిక్ ముక్కలు దోపి, నడిమికి తెచ్చాక ఫోమ్ అతికించడం ఒకటి. క్యాప్ కోయకుండా తక్కువ ఫ్రీక్వెన్సీ టోన్ పెట్టి, గీసుకునే చప్పుడు పోయేదాకా సర్దుకుంటూ జిగురు ఆరనివ్వడం ఇంకొకటి. ఏ పద్ధతైనా పూర్తయ్యాక పరీక్ష ఒకటే, 20, 30 హెర్ట్జ్ టోన్ సన్నగా పెట్టి చెవి దగ్గర పెట్టుకుని వినడం. శుభ్రంగా ఊగితే కాయిల్ నడిమిలో ఉన్నట్టే. ఇది చేయడానికి నాలాంటివాడు అక్కర్లేదు, ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్ ఉంటే చాలు.

ఇంకో మాట. ఫోమ్ చిరిగిన వూఫర్‌ని అలాగే వాడుతూ పోతే కాయిల్ ఒక పక్కకి వాలి రాసుకుని కాలిపోయే దశకి కూడా వస్తుంది. అంటే చెయ్యి పడని స్పీకర్లో ఏం పోయిందో ముందే తెలుసన్న ధీమా అంత గట్టిదేం కాదు.

కొనేవాడు:
చెప్పినా తగ్గించమంటారు అని చెక్కపెట్టె గారు బాధపడుతున్నారు గానీ, కొనేవాళ్ళ గోడు వేరు. నేను ఆన్‌లైన్‌లో ఒక జత కొన్నాను, "పూర్తిగా సర్వీస్ చేయించినవి" అని రాసి ఉంది. వచ్చాక ఒక స్పీకర్లో బాస్ వస్తుంటే చిరచిరమని చప్పుడు. అమ్మినాయనకి చెబితే "నా దగ్గర బాగానే ఉంది, దారిలో ట్రాన్స్‌పోర్ట్ వాడు పడేసి ఉంటాడు" అన్నారు. పార్సిల్ వాళ్ళనడిగితే "పెట్టె బయట దెబ్బ లేదు కదా" అన్నారు. ఇద్దరి మాటా నిజమే కావొచ్చు, ఎందుకంటే వెనక ఉండే బరువైన అయస్కాంతం ఎత్తునుంచి పడితే జిగురు వదిలి జరిగిపోతుంది, కాయిల్ అందులో ఇరుక్కుంటుంది, పెట్టెకి గీత కూడా పడదు. రిపేర్ సరిగా చేయకపోయినా అదే చప్పుడు. ఇక ఏం తేలుస్తాం? పోయింది నా డబ్బు, టెన్షన్ కూడా నాదే.

కాబట్టి నా వరకు ఫోమ్ మార్చారా లేదా అన్నది రెండో ప్రశ్న. ప్యాక్ చేసే ముందు రోజు తీసిన వీడియో ఉందా అన్నది మొదటిది. సీరియల్ నంబర్ కనపడేలా మొదలుపెట్టి, కట్ చేయకుండా, రెండు స్పీకర్లలోనూ ఆ లో టోన్ వినిపించి, అదే వీడియోలో పెట్టెలో పెట్టడం చూపిస్తే నేను బేరమే ఆడను.

బేరగాడు:
అందరూ పెద్ద నీతులు చెప్తున్నారు. నేను నెలకి కొన్ని జతలు అటూ ఇటూ చేస్తుంటాను, దీని మీద బతకను గానీ సరదా. నా మాట సూటిగా వినండి. అడిగితే అబద్ధం చెప్పను. అడక్కపోతే నాకు తెలిసినదంతా రాయను. పాత వస్తువు కొనేవాడికి పాతదని తెలీదా? కెపాసిటర్ మార్చాను, వెనక టెర్మినల్ మార్చాను, చెక్క మీద గీతకి పాలిష్ పెట్టాను, లోపలి దూది సర్దాను, ఏది రాయాలి ఏది వదలాలి? అన్నీ రాస్తే అది యాడ్‌లా ఉండదు, పోస్ట్‌మార్టం రిపోర్ట్‌లా ఉంటుంది. గ్రిల్ తీసి ఫోటో పంపమని ఒక్క మాట అడగటానికి బద్ధకించి, తర్వాత మోసం మోసం అనేవాళ్ళని చూసి చూసి విసుగొచ్చింది. మల్టీమీటర్ పెట్టి ఓమ్స్ చూపిస్తాను, పాట వినిపిస్తాను, అది చాలు.

టంకం:
బేరగాడు గారు, మల్టీమీటర్ అన్నారు కాబట్టి అక్కడే పట్టుకుంటాను. వెనక టెర్మినల్స్ మీద మీటర్ పెడితే 8 ఓమ్స్ స్పీకర్‌కి ఐదున్నర నుంచి ఏడు దాకా చూపిస్తుంది, అందరూ అబ్బ బాగుంది అనుకుంటారు. అది వూఫర్ ఒక్కదాని రీడింగ్. సన్నటి శబ్దాలు పలికే ట్వీటర్‌కి వెళ్ళే దారిలో కెపాసిటర్ అడ్డం ఉంటుంది, మీటర్ పంపే డీసీ దాన్ని దాటదు. ట్వీటర్ పూర్తిగా చచ్చిపోయి ఉన్నా అదే నంబర్ వస్తుంది. మీరు కావాలని చేస్తున్నారని అనట్లేదు, కానీ ఓమ్స్ చూపించాను అన్నది రుజువు కింద రాదు. ట్వీటర్ దగ్గర చెవి పెట్టి రెండు వైపులా వినాలి, రెండూ ఒకే స్థాయిలో వస్తున్నాయా అని. ఫెర్రోఫ్లూయిడ్ (అయస్కాంత ద్రవం) ఉండే ట్వీటర్లలో ఆ ద్రవం ఏళ్ళు గడిచేకొద్దీ గట్టిపడుతుంది, అప్పుడు ట్వీటర్ చావదు, మందగిస్తుంది. ఒకటి మందగించి ఒకటి బాగుంటే గొంతు ఒక పక్కకి లాగినట్టు వినపడుతుంది.

ఏది రాయాలి అన్నదానికి నా కొలత ఒకటే. శబ్దం మారే పని ఏదైనా రాయాలి. టెర్మినల్, పాలిష్ వదిలేయండి, ఎవడికీ నష్టం లేదు. కెపాసిటర్లు మాత్రం రాయాల్సిందే. పాత ఎలక్ట్రోలిటిక్ తీసి ఖరీదైన ఫిల్మ్ కెపాసిటర్ వేసి "అప్‌గ్రేడ్" అని గొప్పగా రాస్తారు, కానీ పాతదానికి ఉండే అంతర్గత నిరోధం కొత్తదానికి దాదాపు ఉండదు, డిజైన్ చేసినవాడు దాన్ని కూడా లెక్కలో వేసుకుని ఉంటే ఇప్పుడు ట్వీటర్ కాస్త పైకి లేస్తుంది. తెలిసినవాళ్ళు చిన్న రెసిస్టర్ ఒకటి సిరీస్‌లో వేసి సరిచేస్తారు. చేశారా లేదా అన్నది కొనేవాడికి తెలియాలి కదా.

పాతమోత:
టంకం గారు చెప్పింది చాలావరకు ఒప్పుకుంటాను, టైర్ల మాట తప్ప. కొన్ని స్పీకర్లకి ఆ లెక్క నడవదు. బీబీసీ కోసం డిజైన్ చేసిన ఎల్‌ఎస్3/5ఏ చూడండి, కెఫ్ వాళ్ళ బీ110 వూఫర్, టీ27 ట్వీటర్, వాటిని జతగా సరిపోల్చి అమ్మారు. అందులోనూ పాతవి 15 ఓమ్స్, 1987 తర్వాతవి 11 ఓమ్స్, క్రాసోవర్ వేరు. ఒక పక్క ట్వీటర్ పోతే ఎక్కడిదో టీ27 తెచ్చి పెట్టి పాట వస్తోంది కదా అంటే అది జత కాదు, రెండు స్పీకర్లు. యమహా ఎన్ఎస్-10 సంగతీ చూడండి, 1978లో వచ్చింది, 2001లో ఆపేశారు, ఆ తెల్ల కోన్‌కి కావలసిన గుజ్జు దొరక్క. ఇప్పుడు బయట దొరికే ఇతర తయారీదారుల కోన్ వేస్తే పైకి తెల్లగానే ఉంటుంది. యమహాదే ఎన్ఎస్-1000ఎమ్ ఇంకా కష్టం, దాని మిడ్‌రేంజ్, ట్వీటర్ డోమ్‌లు బెరీలియంవి, పగిలితే అతికించేది లేదు, ఆ పొడి ఆరోగ్యానికి కూడా మంచిది కాదు. ఇలాంటివాటికి చెయ్యి పడనిది దొరికితే రెండు మాటలు లేకుండా ఎక్కువ ఇస్తాను. చెక్కపెట్టె గారివి ఆ కోవకి రావు, ఫోమ్ రింగు కోసం నేనూ పంతం పట్టను, కానీ సూత్రంగా మరమ్మతు చేసినవన్నీ ఒకటే అంటే ఊరుకోను.

నిశ్శబ్దం:
చదువుతున్నా ఇందాకట్నుంచి. ఒక చిన్న విషయం ఎవరూ అనలేదు. బేరగాడు గారి పద్ధతి ఎదురుగా కూర్చుని విని కొనే చోట నడుస్తుందేమో, ఆన్‌లైన్‌లో నడవదు. ఈబేలో అయితే "వాపసు తీసుకోను" అని పెద్దక్షరాలతో రాసినా, రాసినదానికీ వచ్చినదానికీ తేడా ఉందని కొనేవాడు నిరూపిస్తే వెనక్కి తీసుకోవాల్సిందే. అంత బరువు రెండోసారి రవాణాలో తిరిగొచ్చాక స్పీకర్ ఏ స్థితిలో ఉంటుందో మీరే ఊహించుకోండి. నీతి సంగతి పక్కన పెట్టండి, రాసి అమ్మడం అమ్మేవాడికే లాభం.

బేరగాడు:
వాపసు ఇప్పటిదాకా రాలేదు నాకు. వచ్చినప్పుడు చూద్దాం.

కొనేవాడు:
రాలేదంటే అందరూ సంతోషంగా ఉన్నారని కాదు బాస్. నేనూ వెనక్కి పంపలేదు. నలభై కిలోల సరుకు మళ్ళీ ప్యాక్ చేసే ఓపిక లేక.

చెక్కపెట్టె:
సరే, నాకు కావలసింది దొరికింది. సగమే చెప్పాను అన్నమాట నిజమే అనిపిస్తోంది. టెక్నీషియన్‌కి ఫోన్ చేసి కనుక్కున్నాను, డస్ట్ క్యాప్ కోయలేదట, టోన్ పెట్టి సర్దాడట, కెపాసిటర్లు ముట్టుకోలేదట. పాత రింగులు దాచావా అని అడిగితే నవ్వాడు, చేత్తో పట్టుకుంటే పొడిపొడిగా రాలిపోయే వాటిని ఎవరు దాస్తారు సార్ అని. ఈసారి యాడ్‌లో గ్రిల్ తీసిన ఫోటోలు, ఫోమ్ దగ్గరగా తీసిన ఫోటో, రెండు వూఫర్లకీ 25 హెర్ట్జ్ వీడియో, రిపేర్ బిల్లు పెడుతున్నాను. ఇంకొకటి కూడా చేయాలనుకుంటున్నా, రెండు స్పీకర్లనీ ఎదురెదురుగా ఆనించి, ఒకదానికి వైర్లు తిరగేసి మోనో పాట పెడితే బాస్ కొట్టుకుపోవాలి కదా, జత సరిపోయిందనడానికి అది రుజువవుతుందా టంకం గారూ?

ధర మాత్రం తగ్గించను. ఆ రెండో యాడ్ ఆయన అడిగేదాంట్లోంచి ఫోమ్ పనికి అయ్యే ఖర్చు, కెపాసిటర్లు చూపించుకునే ఖర్చు తీసేస్తే ఎంత మిగులుతుందో, దానికంటే నాది ఎక్కువే ఉండాలి, నా లెక్క అది.

టంకం:
అవుతుంది, కొంతవరకు. బాస్ బాగా పల్చబడి గొంతు మాత్రం సన్నగా మిగిలితే రెండు వూఫర్లూ ఒకేలా ఊగుతున్నట్టు. కానీ వాల్యూమ్ తక్కువ పెట్టండి, బాస్ వినపడట్లేదు కదా అని పెంచుకుంటూ పోతే కోన్లు మీకు తెలీకుండానే బాగా ఊగిపోతాయి, కొత్త ఫోమ్ కూడా చిరుగుతుంది. ట్వీటర్ల సంగతి ఈ పరీక్షలో తేలదు, దానికి విడిగా వినాలి.

పాతమోత:
ఆ వీడియోలు పెట్టాక లింక్ ఇవ్వండి. మీ ధరకి కొంటానని మాటివ్వను, కానీ వినడానికైతే వస్తాను, ఆ రెండో ఆయన గ్రిల్ తీయనంటే మటుకు ఆయన దగ్గరికి వెళ్ళను.

బేరగాడు:
వెళ్ళండి పాతమోత గారూ, నిజంగా వెళ్ళండి. మీరు వదిలేస్తే దాన్ని నేను కొని ఫోమ్ వేయించి అమ్ముతాను. ఈసారి రాస్తాలెండి, ఫోమ్ మార్పించాను అని, అంతకంటే ఒక్క ముక్క ఎక్కువ రాయను.